నాలుక మీద ఎర్ర వెలుగు

ఆ పళ్ళ డాక్టరు నన్నడిగిన మొదటి ప్రశ్న, "ఎవరు చెప్పారమ్మా?" అని. నోరు వాసన వస్తోందంటూ వచ్చినవాళ్ళందరినీ ముందు అదే అడుగుతాడట. నేను జవాబివ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు వేలాడుతున్న పళ్ళ పటం వైపు చూస్తూ కూర్చున్నాను. ఎవరన్నారో నాకు తెలుసు. ఏ కిటికీ పక్కన నిలబడి విన్నానో, అప్పుడు నా చేతిలో ఏ గిన్నె ఉందో కూడా తెలుసు. ఇంటి గుట్టు పరాయివాళ్ళ ముందు పెట్టడం దేనికని ఊరుకున్నాను. ఆ రోజే చెప్పి ఉంటే ఆయనకు కొంత పని తప్పేది. నాకు మాత్రం ఒరిగేదేమీ లేదు, అప్పటికే ఆలస్యమైపోయింది.

మాది కోనసీమ. మా అన్నయ్య స్టీలు ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి, తనతో పాటు షిఫ్టులు చేసే ఒకాయనకు నన్నిచ్చి పెళ్ళి చేశాడు. ఆయనది ఎలమంచిలి దగ్గర పల్లెటూరు. తొంభైల మొదట్లో కూర్మన్నపాలెంలో రెండు గదుల అద్దె ఇంట్లో మా కాపురం మొదలైంది. మామగారు అప్పటికే లేరు. అత్తగారు పొలం కౌలుకిచ్చేసి మాతోనే ఉండేవారు. ఆవిడ మంచి పనిమంతురాలు, మాట సూటిగా ఉండేది, పొద్దున లేచింది మొదలు చుట్ట ఉండాలి. ఆ చుట్ట కూడా మామూలుగా కాదు. అంటించిన కొసను నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసేవారు. దాన్ని అడ్డపొగ అంటారని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. మొదటిసారి చూసినప్పుడు ఆవిడ పొరపాటున తిరగేసి పెట్టుకున్నారనుకుని కేకేశాను. ఆవిడ నిప్పు నోట్లో అలాగే ఉంచుకుని, బియ్యంలో రాళ్ళు ఏరుతూ నావైపు జాలిగా చూశారు.

నాకు చిన్నప్పటి నుంచీ నోరు ఎక్కువ. మా ఇంట్లో అందరికీ అంతే. మా వైపు వెటకారం చేశామంటే మనిషి మాకు నచ్చినట్టు లెక్క. నచ్చనివాళ్ళతో మహా మర్యాదగా మాట్లాడతాం. ఏమన్నా చివర ఒక 'అండి' తగిలిస్తాం కనుక, ఎదుటివాడికి కోపం రావాలో నవ్వు రావాలో తేలేలోపు మేం అక్కణ్ణించి వెళ్ళిపోతాం. ఆ అలవాటునే పెట్టెలో చీరలతో పాటు కూర్మన్నపాలెం తెచ్చుకున్నాను. పాలాయనతో, "నీళ్ళు కలిపితే కలిపారు గానీండి, కాస్త మంచినీళ్ళు కలపండి" అనేదాన్ని. అత్తగారితో, "మీ చుట్ట పొగకి దోమలన్నీ చచ్చాయండి, ఇహ మన వంతేనండి" అనేదాన్ని. ఆవిడ నవ్వేవారు కాదు. చెవికి అంతగా వినబడదేమోనని రెండోసారి ఇంకాస్త గట్టిగా అనేదాన్ని.

ఒకరోజు అత్తగారి తమ్ముడు ఊరినుంచి వచ్చారు. భోజనాల దగ్గర ఆయన పప్పు మూడోసారి అడిగారు. నా చేతి పప్పు ఆయనకు నచ్చిందని నాకు పట్టలేని సంతోషం. ఆ సంతోషంలో, "మొహమాటపడకండి మామయ్యగారండీ, గిన్నె కూడా ఒడ్డించెయ్యమంటారా?" అన్నాను. మా ఊళ్ళో అయితే ఆయన గిన్నె లాక్కుని, నీ గరిటె కూడా ఇటియ్యి అనేవాడు. ఈయన తలెత్తలేదు. మజ్జిగ కూడా పోసుకోకుండా చేయి కడిగేసుకున్నారు. కడుపు నిండిందేమో అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం అక్కాతమ్ముళ్ళిద్దరూ పెరట్లో కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నేను వంటింటి కిటికీ దగ్గర ఆ పప్పుగిన్నే తోముతున్నాను. అత్తగారి గొంతు స్పష్టంగా వినబడింది.

"పిల్ల మంచిదేరా తమ్ముడూ. పనిమంతురాలే. నోరే కంపు. దగ్గిర కూకోలేకపోతన్నాం."

తమ్ముడుగారు, మరి మీవాడికి చెప్పకపోయావా అన్నట్టు ఏదో గొణిగారు. కొత్తది కదా, పోన్లే అని ఊరుకున్నానన్నారు ఆవిడ.

నాకు తల కొట్టేసినట్టయింది. చేతిలో గిన్నె చప్పుడు కాకుండా కింద పెట్టి, అరచేయి నోటికి దగ్గరగా పట్టుకుని ఊది చూసుకున్నాను. చింతపండు, బూడిద వాసన తప్ప ఏమీ తెలియలేదు. ఎవరి నోటి వాసన వాళ్ళకు తెలియదని ఎక్కడో విన్న మాట అప్పుడు గుర్తొచ్చింది, దాంతో ఉన్న ధైర్యమూ పోయింది. పైగా అవి నాకు కడుపుతో ఉన్న కొత్త రోజులు. పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళలోంచి రక్తం వచ్చేది. మా ఆయన నైట్ షిఫ్టు చేసి వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవారు. అన్నీ కలిపి చూసుకుంటే ఇక అనుమానం ఏముంది? రోజంతా పొగాకు నిప్పు నోట్లో పెట్టుకునే మనిషి ముక్కుకే తెలిసిందంటే నా నోరు ఎంత కంపు కొడుతుండాలి అనుకున్నాను.

ఆ మర్నాటినుంచి మాట్లాడవలసి వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టాను. తప్పనిసరి అయితే తప్ప నోరు విప్పేదాన్ని కాదు. విప్పినా పక్కకు తిరిగి రెండు ముక్కల్లో తేల్చేసేదాన్ని. వెటకారం చెయ్యాలంటే మనిషి దగ్గరికి వెళ్ళాలి, కళ్ళలోకి చూడాలి. దూరం నుంచి చేస్తే అది తిట్టులా ఉంటుంది. కాబట్టి అదీ పోయింది. మా అన్నయ్య వచ్చినప్పుడు, నీ నోరేమైపోయిందే, బావ కొనుక్కున్నాడా అని ఏడిపించాడు. నవ్వి ఊరుకున్నాను. అత్తగారు మాత్రం వచ్చినవాళ్ళతో, మా కోడలు సద్దుకుంది, ఇప్పుడు బంగారం అని చెప్పుకునేవారు. అది విన్నప్పుడల్లా ఆవిడ ముక్కుకు కాస్త సుఖం దొరికిందన్నమాట అనుకునేదాన్ని.

ఒకసారి సిగ్గు విడిచి మా ఆయన్ను అడిగాను, నా దగ్గర ఏమైనా వాసన వస్తోందా అని. ఆయన పని కోక్ ఓవెన్స్‌లో. బొగ్గును కాల్చే ఆ పొయ్యిల దగ్గర రోజంతా గ్యాసు పీల్చి, ముక్కుకు గ్యాసు తప్ప ఇంకేదీ ఆనదని, కూర మాడినా తనకు తెలియడం లేదని ఉన్నమాటే చెప్పారు. నా మనసు నొప్పించకుండా అలా అంటున్నారనుకున్నాను. అంత మంచివాడు దొరికినందుకు దేవుడికి దండం పెట్టుకుని, కొంగు ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాను.

పాప పుట్టింది. ఈ ముక్క రాయడానికి ఇప్పటికీ నాకు చేతులు రావు.

పురిట్లో పిల్లను నా పక్కన పడుకోబెట్టినప్పుడు ముఖం అటు తిప్పుకున్నాను. పసిదానికి నా ఊపిరి తగలకూడదని. పాలిచ్చేటప్పుడు కొంగు నా ముఖం మీద ఉండేది. లాల పోసేటప్పుడు పాట పాడలేదు. అందరూ పిల్లల పొట్ట మీద నోరు పెట్టి బుర్రుమని ఊది నవ్విస్తారే, అది నేను ఒక్కసారీ చెయ్యలేదు. నడక వచ్చాక పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి నా మెడ కావలించుకుని ముఖం నా ముఖానికి ఆనించబోయేది. నేను చటుక్కున తల పక్కకు తిప్పేసి దాని వీపు తట్టేదాన్ని. వీపు తట్టడం కూడా ప్రేమేనని నాకు నేను చెప్పుకునేదాన్ని. కొన్నాళ్ళకు అది మెడ దగ్గరికి రావడం మానేసి, నడుం దగ్గర పట్టుకుని వదిలేసేది. తర్వాత అదీ మానేసింది. పిల్లలు పెద్దవుతుంటే అంతే కదా అనుకున్నాను.

దానికి కథలు చెప్పింది మా అత్తగారే. అన్నం ముద్దలు పెడుతూ లోకం తీరు చెప్పింది ఆవిడే. పిల్లకు మాటలన్నీ ఆవిడ ఒళ్ళోనే వచ్చాయి. 'నాను', 'ఏటి', 'సేత్తన్నావ్' అంటూ ఇల్లంతా తిరిగేది. నా కడుపున పుట్టిన పిల్ల నోట ఒక్క 'అండి' లేదు. ఇద్దరూ వసారాలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వినేదాన్ని. ఎన్నో చోట్ల నాకు నోటిదాకా మాట వచ్చేది. మంచి వెటకారం, ఇద్దరూ పడీపడీ నవ్వేంతటిది. మింగేసేదాన్ని. నాకు ఆవిడ మీద అసూయ ఉండేది. చుట్ట కంపు కొట్టే ఆ బుగ్గకు బుగ్గ ఆనించి పిల్ల నిద్రపోతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఈ లోపు నేను చెయ్యని వైద్యం లేదు. వేపపుల్ల, ఉప్పు, పటిక నీళ్ళు, లవంగాలు, ఏలకులు, మందుల షాపులో దొరికే పచ్చరంగు పుక్కిలించే నీళ్ళు. స్టీలు బద్దతో నాలుక గీకి గీకి రక్తం చూసేదాన్ని. నా దవడలో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. పక్కింటావిడ నాకు పంటినొప్పి అనుకునేది, నేనూ అవుననేదాన్ని. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి మాత్రం కాళ్ళు రాలేదు. వెళితే ఆ మాట బయటికి అనాలి కదా.

పదో తరగతి అయ్యాక పిల్ల దువ్వాడలో ఇంటర్ కాలేజీలో చేరింది. ఇంటినుంచి బస్సెక్కితే కూర్చునే లోపే దిగే దూరం. అయినా హాస్టల్లో ఉంటానంది. చదువుకు బాగుంటుందని వాళ్ళ నాన్న ఒప్పుకున్నారు. చేర్చిన రోజు అక్కడ తల్లులందరూ ఏడుస్తూ పిల్లల బుగ్గలు నిమిరి ముద్దులు పెట్టుకుంటున్నారు. నేను మా పిల్ల నెత్తి మీద చేయి పెట్టి, జాగ్రత్త అన్నాను, కొంగులోంచి. అది తలూపి లోపలికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూసింది గానీ, నన్ను కాదు, వాళ్ళ నాయనమ్మను.

ఆ రోజే నిశ్చయించుకున్నాను. నాకు కావలసింది ఒక్కటే. అది ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు దాని ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, కొంగు అడ్డం లేకుండా ముద్దు పెట్టుకోవాలి. అది పెళ్ళయి పోయేలోపు, ఇంకా నా ఇంటికి వస్తూపోతూ ఉండగానే ఆ పని జరగాలి.

హాస్టలుకు పక్కబట్టలు కొనడానికి సిటీకి వెళుతుంటే, బస్సు గాజువాకలో ఆగినప్పుడు ఒక పెద్ద బోర్డు కనిపించింది. నోటి దుర్వాసనకు లేజర్ కిరణాలతో చికిత్స అని రాసి, ఒక అమ్మాయి ఎర్రటి వెలుగులో నవ్వుతున్న బొమ్మ. రెండువేల సంవత్సరం దాటాక మా ఊళ్ళో ఇలాంటివి ఒక్కొక్కటే వచ్చాయి. కళ్ళకు లేజరు, పుట్టుమచ్చలకు లేజరు, ఆఖరికి నోటికి కూడా. వేపపుల్ల చెయ్యలేని పని వెలుగు చేస్తుందంటే నమ్మబుద్ధయింది. వెలుగుకు ముక్కు ఉండదు కదా, అది నన్ను అసహ్యించుకోదు. మా ఆయనతో పళ్ళు బాగుచేయించుకుంటానని మాత్రం చెప్పి వెళ్ళాను.

డాక్టరు చిన్న వయసువాడు, నెమ్మదస్తుడు. ఎవరు చెప్పారన్న ప్రశ్నకు నేను మాట్లాడకపోతే ఒత్తిడి చెయ్యలేదు. కొంగు తియ్యమన్నారు. పరాయి మగవాడి ముఖం అంత దగ్గరగా ఉండగా నోరు తెరిచి ఊపిరి వదలమంటే నాకు ప్రాణం పోయినంత పనయింది. ఆయన వాసన చూసి, పెద్దగా ఏమీ తెలియడం లేదమ్మా అన్నారు. లవంగం వేసుకొచ్చానండి, అందుకే అన్నాను. ఆయన నవ్వి, రెండు పళ్ళ దగ్గర చిగుళ్ళు వదులయ్యాయని, అక్కడ కొంచెం పాచి చేరిందని చూపించారు. నాలుక మీద గాట్లు చూసి, ఇదేమిటి, దేంతో గీకుతున్నారని అడిగారు. ముందు పళ్ళు శుభ్రం చేస్తే సరిపోవచ్చు, లేజరు అవసరం లేకపోవచ్చు అని కూడా అన్నారు. నేను వినలేదు. లేజరు కోసమే వచ్చానని పట్టుబట్టాను.

ఆయన విడమరిచి చెప్పారు. గాలి తగలని చోట, అంటే నాలుక వెనక భాగంలోనూ చిగుళ్ళ కింద సందుల్లోనూ చేరిన క్రిములే నోటి వాసనకు కారణమట. వాటిమీద ఒక నీలం మందు పూస్తారు. అది క్రిములకు పట్టుకుంటుంది. దాని మీద ఎర్రటి వెలుగు వేస్తే ఆ మందు పనిచేసి క్రిములను చంపుతుంది. శుభ్రం చెయ్యడమే అసలు వైద్యం, ఈ వెలుగు దానికి తోడు మాత్రమే, దీని ఫలితం ఎన్నాళ్ళు నిలుస్తుందో తాను గట్టిగా చెప్పలేనని కూడా అన్నారు. ఇంత నిజాయితీగా చెప్పే మనిషి దగ్గర ఇక బేరం ఏముంటుంది? మరి ఎప్పుడు మొదలుపెడతారండి అన్నాను.

మొదట పాచి గీకి తీశారు. వారం ఆగి రమ్మన్నారు. వారం తర్వాత వెళితే నాకూ ఆయనకూ ముదురు రంగు కళ్ళద్దాలు. నాలుకను గుడ్డతో పట్టుకుని లోపలిదాకా నీలం మందు రాసి, కాసేపు అలాగే ఉంచి, పెన్ను లాంటి దాన్ని దగ్గరగా పట్టుకున్నారు. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. నొప్పి లేదు, మంట లేదు, గోరువెచ్చగా అనిపించిందంతే. ఒకసారి కొద్దిగా కళ్ళు తెరిస్తే ఆయన అద్దాల్లో నా నోరు ఎర్రగా వెలుగుతూ కనిపించింది. దేవుడి గదిలో దీపం వెలిగించినట్టు అనిపించి నాకు కన్నీళ్ళు వచ్చాయి. నొప్పి పుడుతోందా అని ఆయన కంగారుపడ్డారు. తల అడ్డంగా ఊపాను.

మందు రంగు వెంటనే పోలేదు. బస్సులో కండక్టరుకు కూర్మన్నపాలెం అని చెబితే నా నోట్లోకి అదోలా చూశాడు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే నాలుక సిరా తాగినట్టుంది. ఆ పూట అత్తగారు ఏం తిన్నావని అడిగారు. నేరేడు పళ్ళు అన్నాను. కాలం కాని కాలంలో నేరేడు పళ్ళు ఎక్కడివని ఆవిడ అడగలేదు. మేం అప్పటికి అలా మాట మీద మాట పెంచుకునే వాళ్ళం కాము.

అలా ఇంకొన్నిసార్లు వెళ్ళాను. ప్రతిసారీ వాసన ఉందా అని అడిగేదాన్ని. లేదనేవారు. నేను నమ్మేదాన్ని కాదు. చివరికి ఆయన విసుక్కోకుండా ఒక మాట చెప్పారు. "నా మాట మీకు సరిపోదమ్మా. ఇంట్లో మీరు నమ్మే మనిషిని ఒకరిని తీసుకురండి. వాళ్ళు చూసి లేదంటే మీరు ఒప్పుకోవాలి."

మా ఆయన ముక్కు పనికిరాదు. పిల్లను తేవడమంటే చచ్చినంత పని. మిగిలింది అత్తగారు. అసలు తీర్పు ఇచ్చింది ఆవిడే కనుక, కొట్టేయాల్సిందీ ఆవిడే అనుకున్నాను. పళ్ళ డాక్టరు దగ్గరికి తోడు రమ్మంటే ఆవిడ మంచి చీర కట్టుకుని బయలుదేరారు. డాక్టరు ఆవిడను నా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, కోడలి నోటి వాసన ఇప్పుడెలా ఉందో చూసి చెప్పమన్నారు.

ఆవిడ ఒంగి, నా నోటి దగ్గర ముక్కు పెట్టారు. నేను కొంగు లేకుండా, ఊపిరి బిగబట్టి, తర్వాత వదిలాను.

"లవంగాల వాసన వత్తంది బాబూ," అన్నారు. "మరింకేటి రావాలి?"

ఇంతకుముందు ఉన్న కంపు పోయిందా అని డాక్టరు అడిగారు. ఆవిడకు అర్థం కాలేదు. ఈ పిల్లకు నోరు వాసనని ఎవరన్నారని ఆయన్నే ఎదురు అడిగారు. అప్పుడు నేను ఆగలేకపోయాను. మీరే అన్నారు అత్తయ్యగారండీ, మామయ్యగారు వచ్చినరోజు పెరట్లో కూర్చుని, నోరు కంపు, దగ్గర కూర్చోలేకపోతున్నాం అన్నారు, నేను చెవులారా విన్నాను అన్నాను.

ఆవిడ స్టూలు నావైపు జరుపుకున్నారు.

"అది వాసన మాట కాదమ్మా," అన్నారు. "నోరు కంపంటే మాట కంపని. సుట్టాల్ని పట్టుకుని ఎటకారాలాడినావని అన్నాను. ఆ తరవాత నువ్వు మాటే మానేసినావు. నామీద కోపం పెట్టుకున్నావని, ఇన్నాళ్ళూ నాను నోరెత్తలేదు."

మా వైపు నోరు ఎక్కువైతే నోటిదురుసు అంటారు, నోటిదూల అంటారు, ఇంకా ఎన్నో అంటారు. కంపంటే మాత్రం మాకు కంపే, మురుగు కంపు, కుళ్ళిన రొయ్యల కంపు. ఒక మాటకు ఇంకో అర్థం ఉంటుందన్న ఊహ నాకు రాలేదు. నా వెటకారం మీద నాకంత నమ్మకం. అదే కంపు కొడుతుందని కలలో కూడా అనుకోలేదు. నోరే అనుమానించాను గానీ మాటను అనుమానించలేదు. డాక్టరు ఆ ఎర్రటి వెలుగు పెన్నును చేతిలో పట్టుకుని, ఎటు చూడాలో తెలియక కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. తర్వాత వాతావరణం తేలిక చెయ్యడానికేమో, పెద్దామెను నోరు తెరవమని అంగిలి చూసి, అడ్డపొగ మానెయ్యాలని గట్టిగా చెప్పారు. ఆవిడ వింటున్నట్టు లేరు.

తిరుగు బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. నాకు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. చాటుగా అన్న మాట, అదీ ఉన్నమాట. గిన్నె అక్కడ పడేసి ఆ క్షణమే పెరట్లోకి వెళ్ళి, ఏమన్నారండీ అని అడిగి ఉంటే ఒక పూట గొడవతో తీరిపోయేది. నోరున్న దాన్నని అంత పేరున్నదాన్ని, అడగాల్సిన చోట అడగలేకపోయాను. నా చేతి మీద అత్తగారి చేయి పడింది. ఎండిన చేయి, పొగాకు వాసన. ఈ చేతిని ఎన్నిసార్లు అసూయతో చూశానో గుర్తొచ్చింది. "అత్తయ్యగారండీ, ఆ మాటేదో అర్థంతో సహా అని ఉంటే మీ తమ్ముడుగారికి ఇంకో గరిటె పప్పు దక్కేదండి" అన్నాను. ఆవిడ నవ్వారు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా మనసంతా ఆదివారం మీదే ఉంది.

ఆ ఆదివారం పొద్దున్నే లేచి తలంటు పోసుకున్నాను. పిల్లకిష్టమని బెల్లం గారెలు చేశాను. లవంగం వేసుకోలేదు. కొంగు నడుముకు దోపుకున్నాను. గేటు చప్పుడైతే చేతులు తుడుచుకుంటూ వీధిలోకి వెళ్ళాను. భుజాన సంచితో, ఎండకు కమిలిన ముఖంతో వస్తోంది. దగ్గరికి వెళ్ళి దాని ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాను. ఎన్నడూ అంత దగ్గరగా చూడలేదు. ఎడమ కనుబొమ్మలో చిన్న మచ్చ ఉంది. అది ఎప్పుడు పడిందో నాకు తెలియదు.

పిల్ల గభాల్న ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఉండమ్మా, తానం సేసొత్తాను," అంది.

తర్వాత చెయ్యొచ్చులే, ఇలా రా అన్నాను. బస్సులో వచ్చాను, చెమట అంది. ఉంటే ఉందిలే, నాకేం కాదు అన్నాను. అది నావైపు వింతగా చూసింది. అందులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఇంట్లో అందరికీ ఎప్పటినుంచో తెలిసిన సంగతి చెబుతున్నట్టు మామూలుగా అంది.

"నీకు నా కంపు పడదు కదమ్మా, సిన్నప్పట్నుంచీ."

కొంగు అడ్డం పెట్టుకుంటే నోరు మూసుకున్నాననే అనుకున్నాను. ఎదుట నిలబడిన పిల్లకు నేను ముక్కు మూసుకున్నట్టు కనిపిస్తుందని నాకు తట్టలేదు. దగ్గరికి వచ్చిన ప్రతిసారీ తల తిప్పుకున్న తల్లిని చూసి పసిదేం అనుకుంటుంది? చెప్పాలి, అంతా ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. అది అప్పటికే సంచి వసారాలో పడేసి, తాడు మీద తువ్వాలు లాక్కుని బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల నీళ్ళు పడుతున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ పడుతున్నాయి. కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. సబ్బు అరిగిపోయింది, ఇంకోటి ఉంటే ఇమ్మని అడిగింది. అల్మారాలోంచి కొత్త సబ్బు తీసి, కాగితం విప్పి, తలుపు సందులోంచి చాచిన చేతిలో పెట్టాను.